పాత మిలటరీ లారీలకు ఫ్యాన్ బెల్ట్: కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎక్కడ వెతకాలి?

ఆదోని_శక్తిమాన్:
అన్నలందరికీ నమస్కారం. మాది ఆదోని పక్క పల్లె. ఇంట్లో ఒక శక్తిమాన్ లారీ ఉంది. ఆర్మీ వేలంలో పోయిన బండి, ఒకరిద్దరి చేతులు మారాక నాన్న కొన్నారు. వెనక చిన్న క్రేన్ కట్టించి, బోర్లలోంచి మోటార్లు, పైపులు లాగే పనికి వాడుతున్నాం. ఇంజన్‌కు ఏ లోటూ లేదు, పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. సమస్యంతా ఫ్యాన్ బెల్ట్‌తోనే. ఉన్న బెల్ట్ పక్కలు నున్నబడి మెరుస్తున్నాయి, లోపలి వైపు అడ్డంగా పగుళ్లు వచ్చాయి. దాని మీది నంబరు ఎప్పుడో చెరిగిపోయింది. ఆదోనిలోనూ కర్నూల్లోనూ ఆటో స్పేర్స్ షాపుల్లో అడిగితే "శక్తిమాన్‌కా? జబల్‌పూర్ పోవాల్సిందే" అంటున్నారు. ఎండలు ముదిరితే రోజూ ఎవరో ఒకరి మోటారు కాలుతుంది, మాకు పని ఉండేది అప్పుడే. బండి నిలబడితే ఇల్లు నడవదు. ఎవరికైనా ఈ అనుభవం ఉంటే చెప్పండి.

బేతంచెర్ల_నాపరాయి:
తమ్ముడూ, ముందు ఆటో షాపుల చుట్టూ తిరగడం మానెయ్. అక్కడ బండి పేరుతో వెతుకుతారు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో 1950ల చివర్లో మొదలైన శక్తిమాన్ తయారీ 1996లో ఆగిపోయింది. ఇప్పటి కుర్రాళ్ళ కంప్యూటర్‌లో ఆ పేరే ఉండదు. పేరు లేకపోతే వస్తువు లేదనేస్తారు. అది వాళ్ళ తప్పు కూడా కాదు.

బెల్ట్ బండి పేరుతో పుట్టే వస్తువు కాదు. పై వెడల్పు, మందం, పొడవు కుదిరితే మిల్లు కోసం తెచ్చిన బెల్టయినా నీ పుల్లీ మీద కూర్చుంటుంది. నువ్వు పోవాల్సింది మిషనరీ బెల్ట్‌లు, బేరింగులు అమ్మే షాపుకు. మీ ఆదోనిలోనే ఎన్ని పత్తి జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి! ఆ మిషన్లన్నీ తిరిగేది పక్కలు ఏటవాలుగా ఉండి పుల్లీ గాడిలో కూర్చునే వి-బెల్ట్‌ల మీదే. మిల్లులకు సరుకు ఇచ్చే షాపులో ఏ, బి, సి సైజులు గోడ నిండా వేలాడుతుంటాయి. మా బేతంచెర్లలో, అటు తాడిపత్రిలో బండలు కోసే, పాలిష్ పట్టే మిషన్ల కోసం అవే బెల్ట్‌లు. ప్రొద్దుటూరులో నూనె మిల్లులు, మంగంపేట వైపు ముగ్గురాయి పొడి కొట్టే మిల్లులు. సీమలో ఈ సరుకుకు కొదవ లేదు. మా ఫ్యాక్టరీలో కూడా ఒక పాత మిలటరీ బండి ఉంది, దాని బెల్ట్ ఎప్పుడూ బండల మిషన్ బెల్ట్‌లు కొన్న చోటే కొంటాం.

అనంతపురం_మెకానిక్:
పై అన్న చెప్పిన దారి మంచిదే. ఒక జాగ్రత్త కలుపుతాను, ఇది చాలామంది పట్టించుకోరు.

మిల్లు బెల్ట్‌లు ఎక్కువగా గుడ్డ చుట్టినవి. పైన, పక్కన అంతా గుడ్డ కప్పి ఉంటుంది. బి సైజు అంటే పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, మందం 11. ఏ సైజు 13కి 8. సి అంటే 22కి 14. బి సైజు గుడ్డ బెల్ట్ సుఖంగా వంగాలంటే పుల్లీ దాదాపు 125 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మిల్లులో పుల్లీలు పెద్దవి కాబట్టి అక్కడ బాధ లేదు. లారీ ఇంజన్ తిప్పే క్రాంక్ పుల్లీ కూడా పెద్దదే. చిక్కంతా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పుల్లీ దగ్గర. అది చాలా బండ్లలో 70, 80 మిల్లీమీటర్లే ఉంటుంది. మందపు బెల్ట్ అంత చిన్న పుల్లీ చుట్టూ నిమిషానికి వందలసార్లు వంగి లేస్తుంటే లోపల వేడి పుడుతుంది, రబ్బరు గట్టిపడుతుంది, నువ్వు చెప్పిన అడ్డ పగుళ్లు అలాగే వస్తాయి.

దీనికి మందు పళ్ళ బెల్ట్. లోపలి వైపు గాట్లు ఉంటాయి, పక్కలకు గుడ్డ ఉండదు, కోసిన రబ్బరు నేరుగా గాడిని పట్టుకుంటుంది. బి కొలతలోనే పళ్ళ బెల్ట్‌ను బిఎక్స్ అంటారు, ఏ అయితే ఏఎక్స్. షాపులో "బి-50 ఇవ్వండి" అంటే గుడ్డ బెల్ట్ ఇస్తారు, "బిఎక్స్-50" అని అడగాలి. ధర కొంచెం ఎక్కువే, కానీ ఎండలో పని చేసే బండికి అదే న్యాయం. బెల్ట్ లోపలి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. మన దగ్గర మే నెలలో నీడలోనే 42, 43 ఉంటుంది, బానెట్ కింద ఎంత ఉంటుందో ఆలోచించండి. చల్లటి ఊళ్ళో నడిచిన బెల్ట్‌తో మన ఊరి బెల్ట్‌ను పోల్చకూడదు.

ఇంకో ప్రశ్న. నీ బండిలో ఉన్నది అసలు డైనమోనా, తర్వాత ఎవరైనా ఆల్టర్నేటర్ బిగించారా?

ఆదోని_శక్తిమాన్:
ఆల్టర్నేటర్ అన్నా. నాన్న కొనేటప్పటికే మార్చేసి ఉంది. బ్రాకెట్ కూడా వెల్డింగ్ చేసిందే.

అనంతపురం_మెకానిక్:
అయితే ఆర్మీ పార్ట్ నంబరు దొరికినా నీకు పనికిరాదు. ఆ నంబరు అసలు డైనమో ఉన్నప్పటి పొడవుకు ఇచ్చింది. బ్రాకెట్ అర అంగుళం అటూ ఇటూ జరిగినా బెల్ట్ పొడవు మారుతుంది. ఆర్మీ వేలంలో వచ్చే డిస్పోజల్ బండ్లలో ఇంజన్లే మార్చేసినవి కూడా చాలా వస్తుంటాయి. బయట మిలటరీ బాడీ, లోపల టాటా ఇంజనో లేలాండ్ ఇంజనో. కాబట్టి ఎవరైనా సరే, ముందు బానెట్ ఎత్తి ఇప్పుడు ఉన్నదేంటో చూసి కొలవాలి. పుస్తకంలో ఉన్నది తర్వాత.

రాయచోటి_రికవరీ:
మాది రికవరీ క్రేన్. కడప రాయచోటి రోడ్డు మీద గువ్వలచెరువు ఘాట్‌లో పడిన లారీలు తీసే పని. మా బండి కూడా ఆర్మీ నుంచి వచ్చిందే. ఒకసారి ఘాట్‌లో ఫ్యాన్ బెల్ట్ జారడం మొదలైంది. డ్రైవర్ పాత పద్ధతిలో గుగ్గిలం పొడి చల్లాడు. కీచుమనడం వెంటనే ఆగింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఘాట్ ఎక్కేలోపు గుగ్గిలం కరిగి గాడి నిండా జిగురు అంటుకుంది, బెల్ట్ పక్కలు పొరలు పొరలుగా ఊడిపోయాయి. ఫ్యాన్, వాటర్ పంపు ఒకే బెల్ట్ మీద ఉన్నాయి కాబట్టి బండి అక్కడే నిలిపేశాం. టెంపరేచర్ గేజ్ పైకి పోతున్నా పరవాలేదని పైకి ఎక్కించి ఉంటే ఇంజన్ హెడ్ పోయేది.

దయచేసి ఎవరూ గుగ్గిలం, సబ్బు, మైనం ఏవీ రుద్దకండి. బెల్ట్ జారుతోందంటే లూజ్ అన్నా అయి ఉండాలి, గాడి అన్నా అరిగి ఉండాలి, లేదా ఆయిల్ పడుతూ ఉండాలి. ఆ మూడింట్లో ఏదో చూసుకోవాలి. మా దాంట్లో ఆయిల్. ఇంజన్ ముందు వైపు సీలు దగ్గర నుంచి చుక్క చుక్క కారి బెల్ట్ మీద పడేది. సీలు మార్చేదాకా ఏ బెల్ట్ వేసినా నిలవలేదు.

ఇంకోటి. పక్కపక్కన రెండు బెల్ట్‌లు నడిచే బండ్లుంటే రెండూ ఒకేసారి మార్చండి. పాతది సాగి ఉంటుంది, కొత్తది బిగుతుగా ఉంటుంది, బరువంతా కొత్తదాని మీదే పడి అదే ముందు తెగుతుంది. కొనేటప్పుడు కూడా ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్‌వి జతగా అడిగి తీసుకోండి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ కొంటే పేరుకు సైజు ఒకటే అయినా పొడవులో చిన్న తేడా ఉంటుంది.

కడప_జోంగా:
నా బండి లారీ కాదు, ఆర్మీ జీపు జోంగా. అయినా బాధ ఒకటే కాబట్టి రాస్తున్నాను. జోంగా అంటే నిస్సాన్ ప్యాట్రోల్ 60కి జబల్‌పూర్ రూపం. 1969 నుంచి 1999 వరకు చేశారు. నా దాంట్లో అసలు ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజనే ఉంది, 3956 సీసీ. ఇలాంటి బండికి ఒక అదృష్టం ఉంది. అదే ఇంజన్‌ ఉన్న నిస్సాన్ బండ్లు వేరే దేశాల్లోనూ తిరిగాయి కాబట్టి వాటి బెల్ట్ కొలతలు వెతికితే తెలుస్తాయి. శక్తిమాన్ వాళ్ళకు ఆ సౌకర్యం తక్కువ. టాటా 1210, స్టాలియన్ లాంటి ఆర్మీ లారీలకు ఈ తంటాయే లేదు, వాటి ఇంజన్ల కుటుంబం బయటి లారీల్లోనూ నడిచింది కాబట్టి మామూలు లారీ పార్ట్స్ షాపుల్లోనే అడగొచ్చు.

నంబర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ఏ, బి అక్షరాల పక్కన ఉండేది అంగుళాల్లో లోపలి పొడవు. బి-52 అంటే లోపలి చుట్టు 52 అంగుళాలు. కారు బెల్ట్‌ల మీద ఏవీఎక్స్ 13 ఇంటూ 1125 అని ఉంటే 13 పై వెడల్పు, 1125 మిల్లీమీటర్లలో బయటి పొడవు. అమెరికా లెక్కలో 17515 లాంటి ఐదంకెల నంబరు ఉంటే చివరి మూడంకెలు బయటి పొడవు, అంటే 51.5 అంగుళాలు. ఒకడు లోపల కొలుస్తాడు, ఒకడు బయట కొలుస్తాడు. ఇది తెలియక తప్పు బెల్ట్ పట్టుకుని కడప నుంచి సికింద్రాబాద్ రాణిగంజ్‌కు రెండోసారి పోయినవాళ్ళు నాకు తెలుసు.

పాత ఆర్మీ స్టాక్, సీల్ కూడా విప్పలేదు అని ఎవరైనా అమ్మజూపితే మోజు పడకండి. రబ్బరు షెల్ఫ్‌లో ఉన్నా ముసలిదవుతుంది. కవరు విప్పించి, బెల్ట్‌ను మెల్లగా వెనక్కి వంచి చూడండి. సన్నటి గీతలు కనిపిస్తే వదిలేయండి. ఇవాళ తయారైన మామూలు బెల్ట్ దానికంటే ఎన్నో రెట్లు నయం. మన దేశంలో మదురైలో ఫెన్నర్, నాగపూర్‌లో పిక్స్ లాంటి కంపెనీలు ఈ సైజులు చేస్తున్నాయి, సీమలో పెద్ద ఊరన్న చోటల్లా తెప్పించుకోవచ్చు.

తాడిపత్రి_లేత్:
బెల్ట్ గురించి అందరూ చెప్పారు. పుల్లీ గురించి నేను చెప్తాను. నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి అసలు రోగం బెల్ట్‌లో ఉండదు.

బెల్ట్ తీసేసి గాడిలోకి టార్చ్ వేసి చూడండి. గాడి పక్కగోడలు తిన్నగా ఉండాలి. లోపలికి గుంటపడి ఉంటే అరిగిపోయినట్టు. గాడి అడుగు తళతళ మెరుస్తోందంటే ఇంకా పెద్ద సంగతి, బెల్ట్ అడుగున కూర్చుని తిరుగుతోందన్నమాట. వి-బెల్ట్ పట్టు అంతా పక్కల నుంచే వస్తుంది. అడుగు ఆనితే ఇక పట్టు లేదు, ఎంత టైట్ చేసినా జారుతుంది. ఎక్కువ టైట్ చేస్తే ఆల్టర్నేటర్ బేరింగు, వాటర్ పంపు బేరింగు పోతాయి. కొత్త బెల్ట్ గాడిలో కూర్చున్నప్పుడు దాని పైభాగం పుల్లీ అంచుతో సమంగానో, ఒక వెంట్రుకంత పైకో ఉండాలి. కిందికి దిగిపోతే ఆ సైజు కాదు, లేదా గాడి పోయింది.

పోత ఇనుప పుల్లీ అయితే లేత్ మీద మళ్ళీ కోయొచ్చు. కోణం తెలియని టర్నర్ చేతిలో పెట్టకండి. బెల్ట్ కోణం 40 డిగ్రీలు, కాబట్టి గాడి కూడా 40 కోస్తే సరిపోతుందనుకుంటారు. బెల్ట్ వంగినప్పుడు దాని లోపలి భాగం ఉబ్బి కోణం తగ్గుతుంది. అందుకే చిన్న పుల్లీకి 34, పెద్దదానికి 38 డిగ్రీలు కోస్తాం. లోతుగా కోసిన కొద్దీ బెల్ట్ కిందికి దిగి, పుల్లీ సైజు తగ్గినట్టవుతుంది, ఫ్యాన్ వేగం, ఆల్టర్నేటర్ వేగం మారతాయి. కొద్దిగా అయితే పరవాలేదు. రేకు పుల్లీని మాత్రం కోయకండి, అది పలచన, పగిలి రేడియేటర్‌లోకి దూరుతుంది. రేకు పుల్లీ అరిగితే కొత్తది పోత ఇనుముతో చేయించడమే.

ఆ ఆదోని తమ్ముడికి: వెల్డింగ్ చేసిన బ్రాకెట్ అన్నావు. ఒక తిన్నటి పట్టీ క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి, ఆల్టర్నేటర్ పుల్లీ దాకా చాచి చూడు. రెండు గాళ్ళూ ఒకే లైన్లో లేకపోతే బెల్ట్ ఒక పక్కే అరుగుతుంది. మన ఊళ్ళలో వెల్డింగ్ బ్రాకెట్లకు ఇది మామూలే. వాషర్ ఒకటి అటో ఇటో వేస్తే సరిపోతుంది చాలాసార్లు.

ఆదోని_శక్తిమాన్:
అందరికీ దండాలు. చూశానన్నా. పాత బెల్ట్ నిజంగానే ఒక పక్క ఎక్కువ అరిగింది, ఆల్టర్నేటర్ పుల్లీ రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. గాడి అడుగు మాత్రం మెరవడం లేదు, మట్టి పట్టి నల్లగానే ఉంది. వాషర్ వేసి లైన్ సరిచేశాను. గాడి పై వెడల్పు వెర్నియర్‌తో 17 చూపిస్తోంది. ఆల్టర్నేటర్ పుల్లీ 80 ఉంది. ఇప్పుడు పొడవు ఎలా పట్టాలి? పాత బెల్ట్ కోసి టేపు పెట్టమంటావా? లెక్క సూత్రం ఒకటి ఉందని మా మిల్లు ఫిట్టర్ అన్నాడు.

అనంతపురం_మెకానిక్:
కోయకు, కొత్తది అమర్చేదాకా అదే నీ స్పేర్. పైగా అది సాగి ఉంటుంది, దాని పొడవు నమ్మితే కొత్తది పెద్దదవుతుంది. సూత్రం రెండు పుల్లీలకే. క్రాంక్, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ అని మూడు ఉన్నప్పుడు పురికొసే నయం. సాగని దారం తీసుకో, నైలాన్ వద్దు. ఇంజన్ ఆపి, బ్యాటరీ టర్మినల్ తీసేసి పని చెయ్. ఆల్టర్నేటర్‌ను ఇంజన్ వైపు పూర్తిగా నొక్కి, దారాన్ని మూడు పుల్లీల అంచుల మీదుగా చుట్టి, కలిసిన చోట సుద్దతో గుర్తు పెట్టు. విప్పి టేపు మీద కొలువు. తర్వాత ఆల్టర్నేటర్‌ను పూర్తిగా బయటికి లాగి మళ్ళీ కొలువు. ఆ రెండు కొలతలూ ఇక్కడ పెట్టు.

ఆదోని_శక్తిమాన్:
లోపలికి నొక్కితే 1365 మిల్లీమీటర్లు, బయటికి లాగితే 1420.

అనంతపురం_మెకానిక్:
బాగుంది. దారం అంచు మీద చుట్టావు కాబట్టి ఇది బయటి పొడవు. బి బెల్ట్‌కు బయటి పొడవు, లోపలి పొడవుల తేడా సుమారు 69. బి-51 లోపల 1295, బయట 1364 అవుతుంది. నీ తక్కువ కొలత 1365 కాబట్టి అది ఎక్కనే ఎక్కదు. స్క్రూడ్రైవర్‌తో కెలికి బలవంతంగా ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి, పైకి ఏమీ కనపడదు, నాలుగు రోజుల్లో బెల్ట్ తెగుతుంది. బి-52 లోపల 1321, బయట 1390. సులువుగా ఎక్కుతుంది, సాగిన తర్వాత బిగించుకోవడానికి ఇంకా 30 మిల్లీమీటర్లు మిగులుతుంది. నీ పుల్లీ 80 కాబట్టి పళ్ళది, బిఎక్స్-52. షాపులో అదే నంబరు చెప్పు, బండి పేరు ఎత్తకు.

బేతంచెర్ల_నాపరాయి:
ఆదోనిలో పళ్ళది లేకపోతే కర్నూలు కల్లూరు ఎస్టేట్ వైపు మిల్లుల సామాను అమ్మేవాళ్ళను అడుగు, లేదా బళ్ళారి నీకు దగ్గరే. తప్పనిసరైతే గుడ్డ బి-52 వేసి సీజన్ నెట్టుకో, కానీ కొన్నాళ్ళకే పగుళ్లు వస్తాయని తెలిసి వెయ్.

ఆదోని_శక్తిమాన్:
దొరికింది అన్నా, మా ఊళ్ళోనే! జిన్నింగ్ మిల్లుల వీధిలో, మా ఇంటికి బస్తాలు వేసే హమాలీ చూపించిన షాపు. బిఎక్స్-52 అనగానే మారు మాట లేకుండా తీసిచ్చాడు. ఏ బండికని కూడా అడగలేదు. రెండు కొన్నాను. ఆల్టర్నేటర్ లూజ్ చేస్తే చేత్తోనే ఎక్కింది, పైభాగం పుల్లీ అంచుతో సమంగా ఉంది. ఇన్నాళ్ళు జబల్‌పూర్, ఢిల్లీ అని నాన్న ఎంతమందికి ఫోన్లు చేశారో. ఇప్పుడు టైట్ ఎంత పెట్టాలి?

అనంతపురం_మెకానిక్:
పుల్లీల మధ్య పొడవాటి భాగం నడిమధ్యన బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. బిగించి, ఒక అరగంట ఇంజన్ నడిపి, ఆపి చల్లారాక మళ్ళీ చూడు. కొత్త బెల్ట్ గాడిలో సర్దుకుని కచ్చితంగా లూజ్ అవుతుంది, అప్పుడు ఇంకోసారి బిగించాలి. ఈ రెండో బిగింపు మానేస్తే పక్కలు మళ్ళీ నున్నబడతాయి. మొదటి వారం పని అయ్యాక ఒకసారి, ఆ తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా చూస్తే చాలు.

రాయచోటి_రికవరీ:
రెండోది మేకుకు తగిలించకు తమ్ముడూ, ఒకే చోట వంగి ఉండిపోతుంది. వదులుగా చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి సీటు వెనక వెయ్. డీజిల్ డబ్బా పక్కన మాత్రం వద్దు.